ఐదో కుర్చీ

దౌల్తాబాద్ దగ్గర ఒక ఊరి రైతు వేదిక. మూడు రోజుల క్రితం కంది కుప్పకు నిప్పు పెట్టాడని ట్రాక్టర్ డ్రైవర్ మజహర్‌ మీద పంచాయితీ. ఐదుగురు పెద్దమనుషుల్లో ఇద్దరు తప్పు చేశాడన్నారు, ఇద్దరు చేయలేదన్నారు. కుప్ప యజమాని లేచి ఐదో పెద్దమనిషి కుర్చీ ముందు నిలబడ్డాడు.

“బావా, ఇగ నీ మాటే మిగిలింది. మజహర్‌ను ఊరు ఇడిచి పొమ్మను.”

“జర ఆలోచించనియ్యి.”

“ఆలోచనేంది? నువ్వు మా అక్క మొగనివి. పోయినేడు వికారాబాద్ దవఖానల నీకు రక్తమిచ్చింది ఎవరు?”

“నువ్వే. గందుకే మూడు దినాల సంది నోరు మూసుకున్న.”

“మరి గది యాది పెట్టుకోని తీర్పు చెప్పు.”

“గట్లయితే కుర్చీ దిగుతున్న.”

“ఏంది బావా, పోయి సాక్షుల చాప మీద కూసున్నవ్?”

“సుట్టాన్నని అందరి ముంగట నువ్వే అంటివి. సుట్టం తీర్పు చెప్పొద్దు. సూసింది చెప్పొచ్చు.”

“ఏం సూసినవ్?”

“కుప్ప అంటుకున్నప్పుడు నేను పక్క చెల్కల ఉన్న. మజహర్ అప్పటికింక చేన్లకు రానేలేదు. మజహర్, నువ్వు ఇంటికి పో. ఫికర్ చెయ్యొద్దని మీ అమ్మకు చెప్పు.”

“నవ్వుతున్నవా బావా?”

“మూడు దినాలకు పానం తేలికైంది, నవ్వనియ్యి.”

“మరి కాలవెట్టిందెవడు?”

“సిగరెట్ తాగి కుప్ప మీద పారేసిండు. మంట లేవంగనే ఉరికిండు. గిప్పుడు నీ ఎనుకనే నిలవడ్డడు. నీ కొడుకు, హరీష్.”