వల కాడ రూఫసు దొర

ఏదీ, ఆ ఫోను ఇట్ట తే గణేషూ. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్రా, ఏం కనపడి చావడంలా. ఆఁ... ఈ మనిషా! మన రూఫసు దొర గదరా! కరెంటు గిటారు గూడా అదే, కింద పెచ్చు ఊడిపోయి. ఏందీ, ఇంగ్లండులో అంత పేరా? ఈయన్ని చూసే వందలమంది నేర్చుకున్నారా? నడుమ ఆర్నెల్లు యాడికి పొయినాడో ఎవురికీ తెలీదని రాసుండారా? యాడికి పోతాడు, ఇక్కడే, హజరత్తయ్య వలల కొట్టంలో పడుకోనుండె.

తుఫాను వచ్చిపోయిన మరుసటేడు. మద్రాసులో కచేరి అని పిలిచినోడు పరారైతే, ఈయన రైలెక్కి గూడూరులో దిగి, సముద్రం వెతుక్కుంటా మన రేవుకొచ్చి పడినాడు. ఇంగ్లీషు వచ్చింది చర్చి బడి అయ్యోరు సమాధానం సారుకొక్కడికే. ఆయనే చెప్పినాడు కతంతా. మొదటి బ్యాండులో పొమ్మన్నారంట. రెండో దాంట్లోనూ పొమ్మన్నారంట. మూడోది సొంతంగా పెట్టుకుంటే, దాంట్లోంచి గూడా ఈయన్నే తీసేసినారంట! నవ్వబాక, నిజం. ఒక్క తీగ పట్టుకొని సాగదీస్తా ఉంటే, పాడేవాడు నోరు తెరుచుకొని నిలబడాలంట. ఎవురు ఓర్చుకుంటారు? ఈయన వాయించే బ్లూసంటే ఏంది సారూ అన్నా నేను. "ఏడుపు పాటలే కామాక్షయ్యా" అన్నాడు. ఏడుపుకు అంత కరెంటెందుకురా?

ఆ ఏడే నాకు గొంతు పొయింది. వల పాట చెప్పేది నేనే గదా. మీరు రొయ్యల గుంటల కాడ పుట్టినోళ్ళు, మీకేం తెలుసు. పెద్ద వల ఒడ్డు మీంచి లాగాలంటే ముప్పై మంది ఉండాల, పాట ఉండాల. పాట సాగినంతసేపు మడమలు ఇసకలో దిగేసి తాడు బిగబట్టాల, పాట దిగంగానే లాగాల. ముందే లాగితే వల మెలిపడద్ది. అందుకని చచ్చినా లాగరు.

వల పెద్ద హజరత్తయ్య ఏం చేసినాడు? "కామాక్షయ్య గొంతు పెగల్దు. దొరా, నువ్వు వాయించు. వల నిండితే మాలో ఒకడివి, లేకపోతే బస్సెక్కు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపొయింది. నా చోటు తెల్లోడికా? మైకు సెట్టు, బ్యాటరీ తెచ్చి ఇసకలో పెట్టినారు. దొర కళ్ళు మూసుకొని ఒక తీగ పట్టినాడు. సాగింది. సాగతానే ఉంది. ముప్పై మంది తాడు పట్టుకొని వెనక్కి వాలి నిలబడినారు. వలలో కవళ్ళ చేపలు ఎగిరెగిరి బయటికి పోతావుండాయి. "దించు నాయనా, దించు!" అని అరస్తాడు హజరత్తయ్య, కానీ వాడు గూడా లాగడే! దొర దించేసరికి వలలో నాలుగు పీతలు.

సరే, బస్సెక్కిస్తారులే అనుకున్నా లోపల్లోపల. ఎక్కించలా! తెల్లారి పొట్టిపొట్టిగా వాయించినాడు పాపం, భయపడి. ఒక్కడూ తాడు కదిలించలా. హజరత్తయ్యే, "అట్ట కాదు దొరా, నిన్నటిదీ..." అని చేత్తో సాగదీసి చూపించినాడు. ఇంక చూస్కో. వారం దినాలు ఇదే తంతు. వల ఖాళీ, అందరి కళ్ళల్లో నీళ్ళు, ఇండ్లల్లో చారన్నం.

నాకు గొంతొచ్చేసింది అప్పటికే. చెప్పలా ఎవురికీ. మా ఇంటామె అంకాలమ్మను ఎగేసినా. ఆమె ఆడోళ్ళందరినీ వెంటేసుకొచ్చి, "మొగోళ్ళు ఇనుకుంటా నిలబడండి, పిల్లోళ్ళకు ఆ తీగలే వండి పెడతాం!" అని రంకెలేసింది. దొరకు అర్థమైంది. తనే బస్సెక్కినాడు. ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకొని ఏందో అన్నాడు. "ఏ బ్యాండూ నేను తీగ దించేదాకా ఆగలేదు, మీరే ఆగినారు అంటున్నాడు" అన్నాడు సమాధానం సారు. నేను తలకాయ దించుకున్నా. మనిషి పోయి చానా ఏండ్లాయనా? రాసుండారా? అయ్యో.

ఆ మర్నాడే పాట ఎత్తుకున్నా. వల నిండింది. ఆమీట ముప్పై ఏండ్లు పాడినా రా, ఖాళీ వల రాలేదు నా పాటకు. సాగదీసి గూడా చూసినా, దొర మాదిరే, ఊపిరి ఆగిపొయ్యేదాకా. దించేదాకా ఎవురూ ఆగలా. మెలిపడితే పడనీ అని లాగేసినారు. ఒక్కడు... ఒక్కడంటే ఒక్కడు గూడా నా పాటకు వల మర్చిపోలేదురా.

ఆ ఫోను లోపల పెట్టుకో. అన్నం తిన్నావా లేదా నువ్వు?