జీపు కింది ఎర్రపొడి

"నా ఇడ్లీ పళ్ళెంలో డీజిల్ పోశారేంటండీ?"

"బేరింగులు కడుగుతున్నానే. తోమితే పోతుందిలే."

"పోకపోతే ఆ ఇడ్లీలు మీకే పెడతా."

పాత జీపు కింద పడుకున్న భర్త నవ్వాడు. మర్నాడు పొద్దున్నే తొమ్మిదిమంది ఆడకూలీలను అందులోనే మిరపకోతకు తీసుకెళ్ళాలి. ఆమె వంగి చూసింది. ఇంజను నుంచి వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టుకు ముందువైపు, కీలులా కలిపి ఉంచే క్రాసు కొత్తది పడింది.

"వెనక క్రాసు మార్చరా?"

"అది బాగానే ఉంది."

"మరి దాని చుట్టూ ఆ ఎర్రపొడి ఏంటి?"

"మిరప్పొడే. నిన్నంతా బస్తాలు తోలలా? జీపు సంగతి నీకేం తెలుసు!"

ఆమె కాస్త పొడి వేలికద్దుకుని, నాలుక్కి తాకించి ఉమ్మేసింది.

"కారం లేదండీ. ఇది తుప్పు. లోపల గ్రీజు ఎండి బేరింగు అరిగిపోతోంది. దారిలో షాఫ్టు ఊడితే బండిలో తొమ్మిదిమంది ఉంటారు."

అతను వెనక క్రాసు వైపు జరిగాడు.

"ఆ టార్చి ఇటివ్వు."

మధ్యాహ్నం అన్నాల దగ్గర తల్లితో చెప్పాడు.

"రేపు జీపు తియ్యనమ్మా. కూలీలకి ఆటో మాట్లాడాను. వెనక క్రాసు కూడా మార్చాలి."

"మెకానిక్ చెప్పాడా?"

"లేదు. నీ కోడలు రుచి చూసి చెప్పింది."