మౌస్ లేని బల్ల

అధ్యక్ష స్థానంలో ఉన్న సూపరింటెండెంట్ గారికి, నాకు ఈ పని నేర్పిన పెద్దలకు, మా ఆసుపత్రి వెబ్‌సైట్ విభాగం వాళ్లకు, చివరి వరుసలో గోడ పక్కన కూర్చున్న మా చెల్లికీ తమ్ముడికీ నమస్కారం.

నేను ఎక్కువ మాట్లాడనని మీకు తెలుసు. కానీ ఇప్పుడే మా డిజైనర్ గారు, ఈవిడ బల్ల మీద మౌస్ ఎందుకు ఉండదో ఈ వీడ్కోలు రోజైనా చెప్పించండి అని మైకులో అడిగేశారు. (నవ్వులు) తొమ్మిదేళ్లుగా "అలవాటు లేదండీ" అని తప్పించుకుంటూ వచ్చాను. సోమవారం ఇస్తానన్న వెబ్‌సైట్ మెనూ గురువారానికి ఇస్తానని కూడా మీకు కోపం. రెండింటికీ జవాబు ఒక్కటే. చెప్పేసి వెళ్తాను.

తొమ్మిదేళ్ల కిందటి మామూలు ఉదయం అది. ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వచ్చేసరికి చెల్లి టీ వడపోస్తోంది. తమ్ముడు భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ట్యాబ్ కీ నొక్కుతున్నాడు. వాడు గడియారాలు బాగుచేసేవాడు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతూ వచ్చి, అప్పటికి ఎడమ కంట్లో కాస్త వెలుగు మాత్రం మిగిలిందని మాతో చెప్పేవాడు. తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మౌస్ లేకుండా కీబోర్డుతోనే తన పనులు తనే చేసుకునేవాడు. నేను కప్పు అందిస్తుంటే చెయ్యి తగిలి ఇయర్‌ఫోన్ తీగ ఊడింది. గదంతా వినిపించింది: "లింకు. బొమ్మ. లింకు. బొమ్మ. లింకు."

"అక్క జపం చాలదని నువ్వూ మొదలెట్టావేంట్రా?" అంది చెల్లి.

"ఇది అక్క వాళ్ల ఆసుపత్రే," అన్నాడు.

డిజైనర్ గారూ, మీరు తల దించుకోకండి. ఆ మెనూ మీరు రాకముందుది, పూర్తిగా నాది. మాటలన్నీ ఆ సాఫ్ట్‌వేర్ చదవలేని బొమ్మల్లోనే, మౌస్ బాణం ఆనిస్తే తప్ప విచ్చుకోని జాబితాలు, మొత్తం నలభై మూడు అంశాలు. కంటి విభాగానికి నేను పెట్టిన పేరు 'నయన సౌరభం'. (నవ్వులు) నవ్వండి, ఆ పేరు పెట్టిన రోజు మాత్రం ఇదే హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

"సెర్చ్‌లో చూడకపోయావా?" అని అడిగాను.

"చూశానక్కా. కంటి డాక్టర్ అని కొడితే ఎక్కడెక్కడి ఆసుపత్రులో వస్తున్నాయి. మీది రావట్లేదు."

ఎలా వస్తుంది? సెర్చ్ కూడా మా తమ్ముడిలాగే రాసిన మాటల్ని పట్టుకునే వెతుక్కుంటుంది, ఆ మాట నేనెక్కడా రాయలేదు. వాడికి మూసిన తలుపే దానికీ మూశాను.

చెల్లి కప్పు కింద పెట్టేసింది. "ఒరేయ్, మూడు నెలలకోసారి చెకప్‌కి వెళ్తున్నానన్నావు కదా?"

ఆ ఏడే మేం అపాయింట్‌మెంట్లన్నీ వెబ్‌సైట్‌లోకి మార్చాం. రెండు చెకప్‌లు పోయాయి.

"నన్ను అడగొచ్చు కదరా," అన్నాను.

"అది నువ్వు చేసిందక్కా. అందులో దారి దొరకట్లేదని నీకెలా చెప్పను?"

ఆ పూటే సెలవు పెట్టి తీసుకొచ్చాను. ఎడమ కన్నూ పోయిందని డాక్టర్ గారు చెప్పారు. వేళకు చూపించి ఉంటే ఇంకొన్నాళ్లు నిలిచేదేమోనండీ, అన్నారు. ఆయన దయతో అన్న ఆ 'ఏమో' వెనక నేను దాక్కోలేదు. దేవుడి ముందు రోజూ ఒప్పుకుంటున్నాను; ఈరోజు మీ ముందు.

ఆ తర్వాత ఓపీ కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చున్నాను. "ఏంటి మేడమ్, నా మీద నిఘానా?" అంది కౌంటర్ అమ్మాయి. అమ్మా, నీ మీద కాదు. వచ్చినవాళ్లు ఏ మాటతో అడుగుతారో వినడానికి. నయన సౌరభం ఎక్కడని ఒక్కరూ అడగలేదు. వాళ్ల నోటి మాటలే మెనూలో రాశాను, నలభై మూడు ఏడయ్యాయి, అన్నీ కీబోర్డుతో తెరుచుకుంటాయి. కొన్ని నెలలకు సెర్చ్‌లో మన పేరు పైకొస్తే, ఏం కిటుకు చేశారని సూపరింటెండెంట్ గారు మెచ్చుకున్నారు. కిటుకేం లేదండీ.

నా ఆలస్యాల్ని భరించిన విభాగానికి, రెండు చెకప్‌ల సంగతి తెలిసీ ఇన్నేళ్లు ఎవరితోనూ అనని డాక్టర్ గారికి నా కృతజ్ఞతలు. ఇక మిగిలింది తమ్ముణ్ణి ఇక్కడికి తీసుకొచ్చిన ఆనాటి సాయంత్రం.

ఉద్యోగం మానేస్తానన్నాను. "మానేస్తే ఆ చిక్కుముడి ఎవరు విప్పుతారు, నేనా?" అన్నాడు తమ్ముడు. చెల్లి నా సంచిలోంచి మౌస్ తీసి బీరువాలో పెట్టి, తాళం చెవి వాడి చేతిలో పెట్టింది. అప్పుడు ముగ్గురం కలిసి నిర్ణయించుకున్నాం: నేను చేసిన ఏ మెనూ అయినా ముందు ఇంటికి రావాలి, వాడు భోజనాల బల్ల దగ్గర, నేను పక్క గదిలో, ఒక్కసారి కూడా "అక్కా" అని పిలవకుండా వాడు పని ముగించుకుంటేనే అది మీ దగ్గరికి రావాలి.

సెలవు.