స్టేజీ కింద గోతాలు

రేపల్లె, 1974 ఫిబ్రవరి. వీణ వాయించే శేషారత్నం గారింటి వీధి వరండా. తెనాలిలో ఖాళీ గోతాల వ్యాపారం చేసే పున్నయ్య పొద్దుటి బండి దిగి వచ్చి కూర్చున్నాడు.

“అలా కాదమ్మా. లెక్క మొదటినుంచీ చెబితేనే నాకు చెప్పడం వస్తుంది. మొదట్లో నా చేతిలో ఏమున్నాయో చెప్పనివ్వండి.”

“చెప్పండి పున్నయ్యగారూ. కాఫీ చల్లారిపోతోంది.”

“తాగుతాను. అరవై నాలుగులో తెనాలి సంగీతం హాలు తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవీ. వాద్యబృందం కార్యదర్శి పదవి ఒకటి. హాలు తాళంచెవులు మూడు. మూడూళ్ళ వాద్యగాళ్ళు పంతొమ్మిదిమంది. తెనాలి ఫిడేళ్ళు, బాపట్ల ఫ్లూటూ క్లారినెట్టూ, రేపల్లె నుంచి మీ వీణ. స్టేజీ కింద బానలు ముప్పై ఆరు.”

“బానలా?”

“మీకు తెలీదా?”

“నేను పైన కూర్చునేదాన్నండి. కిందేముందో నాకెవరు చూపించారు?”

“పాత నాటకశాలల్లో పెట్టేవారమ్మా. చెక్క స్టేజీ కింద నడుం లోతు గుంత తీసి, మూతులు పైకి పెట్టి, ఖాళీ బానలు వరసగా దించేవారు. పైన చీమ చిటుక్కుమన్నా ఆ బానల్లో తిరిగి చివరి బెంచీ దాకా వెళ్తుంది. మేస్త్రీ సుబ్బయ్య పట్టుబట్టి పెట్టించాడు. మన బృందం పెద్ద పాండురంగారావుగారు మైకు ససేమిరా వద్దనేవారు కదా...”

“ఆయన సంగతి నాకు చెబుతారేంటి? ఆయన దగ్గర అయిదేళ్ళు వాయించినదాన్ని.”

“వచ్చే నెల హాలు పదో వార్షికోత్సవమమ్మా. మీరు రావాలి. మీ చోట్లో మీరు కూర్చుని వాయించాలి. అదీ నేనొచ్చిన పని.”

“మొదటినుంచీ చెబుతానని చివరిది ముందు చెప్పేశారే.”

“భయమేసిందమ్మా. మధ్యలో మీరు లేచి లోపలికి వెళ్ళిపోతారని.”

“మధ్యలో ఏముంది?”

“సాధకం చేస్తూనే ఉన్నారా అమ్మా? వీణ కనపడదేం?”

“మధ్యలో ఏముందండీ?”

“గోతాలు.”

“ఏమే శేషారత్నం, ఎవరే వచ్చింది?”

“తెనాలి నుంచి అత్తయ్యా. హాలు కార్యదర్శి పున్నయ్యగారు.”

“తంబూరా ఉత్తరం పట్టుకొచ్చినాయనేనా?”

“ఆయనే.”

“కాఫీ ఇచ్చావా?”

“ఇచ్చానత్తయ్యా.”

“ఎందుకిచ్చావే!”

“...పెద్దావిడ మరిచిపోలేదు.”

“ఎలా మరిచిపోతుందండీ? నాచేత రెండుసార్లు చదివించుకుంది. ‘వీణ శ్రోతలకు వినిపించుట లేదు గావున శేషారత్నమ్మగారు ఇకపై వెనుక వరుసలో తంబూరా పట్టుకొనవలెనని కమిటీ తీర్మానించినది.’ కింద మీ సంతకం.”

“సంతకం నాదే.”

“గోతాలన్నారు.”

“అరవై అయిదు నవంబరు వానలకి మా కొట్టు కప్పు కారింది. ఖాళీ గోతం తడిస్తే ముక్కిపోతుందమ్మా. ముక్కిన గోతం మిల్లువాడు చేత్తో ముట్టడు. హాలు తాళం నా చేతిలో ఉంది. స్టేజీ కింద చెమ్మ లేదు, ఎలుక లేదు. వెనకాల చిన్న తలుపొకటుంది. నాలుగు రోజులకని నలభై కట్టలు దించాను.”

“బానల మీదా?”

“బానల్లో. బానల మధ్యన. బానల మీద. సందున్న చోటల్లా కుక్కించాను.”

“నాలుగు రోజులకి.”

“కొట్టు బాగుచేయించుకున్నాను. కానీ ఆ చోటు మరిగాను. నలభై కట్టలు నూట పదయ్యాయి.”

“ఉండండి. ఉండండి... అరవై ఆరు శ్రీరామనవమి కచేరీ. వెనక బెంచీలవాళ్ళు ‘వీణ వినపడట్లేదు, వీణ, వీణ’ అని అరిచారు. అదే మొదలు.”

“అదే మొదలమ్మా.”

“ఫిడేళ్ళు వినపడ్డాయే!”

“ఫిడేలుకీ క్లారినెట్టుకీ గొంతు పెద్దది. బానలున్నా లేకపోయినా బతికేస్తాయి. మీదే సన్నగొంతు.”

“నేనెంత గట్టిగా మీటానో తెలుసా? తరవాతి కచేరీలో ఇంకా గట్టిగా. సారణి తీగ రెండుసార్లు తెగింది. వేలి చివర చీరుకుపోయి వీణ మెట్ల మీద నెత్తురు పడితే చీర చెంగుతో తుడుచుకుంటూ వాయించాను. ‘చేతిలో పస తగ్గిందమ్మా’ అన్నారు పాండురంగారావుగారు. మావారు టానిక్కు కొనుక్కొచ్చారు. అత్తయ్య దిష్టి తీసింది. నా చేతికి ఏదో రోగం వచ్చిందనుకుని గుంటూరు పెద్ద డాక్టరుకి చూపించాం.”

“డాక్టరేమన్నాడమ్మా?”

“ఏ జబ్బూ లేదన్నాడు. ఏడ్చాను. జబ్బుంటే బాగుండునని. మీకు తెలుసా?”

“ఏంటమ్మా?”

“గోతాల వల్లేనని.”

“నేను గోనెపట్టా చూసి మంచీ చెడ్డా చెప్పేవాణ్ణి. సంగీతం సంగతి నాకెలా...”

“పున్నయ్యగారూ.”

“తెలీదమ్మా.”

“మేస్త్రీ సుబ్బయ్య ఆ తర్వాత హాలుకి రాలేదా?”

“వచ్చాడు. అరవై ఏడులో. స్టేజీ మెట్టు ఒకటి ఊడితే.”

“వచ్చి?”

“మెట్టు వేశాడు.”

“మెట్టు వేసి?”

“కిందికి తొంగి చూశాడు.”

“చూసి?”

“‘అయ్యా, బానల పీక నొక్కేశారే, వీణ ఎలా వినపడుతోంది?’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“నీ పని నువ్వు చూసుకో అన్నాను.”

“ఉత్తరం అరవై తొమ్మిదిలో కదండీ.”

“అవునమ్మా.”

“రెండేళ్ళు తెలిసే ఊరుకున్నారు.”

“తెలిసే సంతకం పెట్టాను. ఇప్పుడు చెప్పాను కదమ్మా. అందుకే వచ్చాను కదా.”

“కమిటీలో ఒక్కరికీ తెలీదా?”

“ఎవరు కిందికి దిగుతారమ్మా? తాళం నాది. కార్యదర్శినీ నేనే. గోతాలున్నాయని ఒప్పుకుంటే హాలుని గోడౌను చేశానంటారు, పదవి పోతుంది. మిమ్మల్ని తంబూరాకి మారిస్తే మీ ఒక్కరికే బాధ. అలా లెక్కేశాను.”

“మంచి లెక్క.”

“తప్పుడు లెక్కమ్మా.”

“ఇప్పుడున్నాయా?”

“లేవు! ఒక్క కట్ట లేదు. అంతా ఖాళీ చేయించాను. మీరొచ్చి చూడండి, ముప్పై ఆరు బానలూ కడిగినట్టున్నాయి.”

“ఎప్పుడు చేయించారు?”

“చేయించేశాను కదమ్మా, ఎప్పుడైతేనేం.”

“ఎప్పుడండీ?”

“నిరుడు. దసరాలకి ముందు.”

“గోతాలకి గిరాకీ వచ్చిందా?”

“లేదు. అప్పుడే పడిపోయింది.”

“పడిపోయినప్పుడు సరుకు కదపరు కదండీ వ్యాపారస్తులు?”

“కదపరు.”

“మరి?”

“మీకు వ్యాపారం ఎవరు నేర్పారమ్మా?”

“దసరాలకి ఎవరు వాయించారు పున్నయ్యగారూ?”

“అందరూ వాయించారు. ఫిడేళ్ళు...”

“వీణ.”

“...మా అమ్మాయి.”

“ఝాన్సీయా?”

“మీ శిష్యురాలే కదమ్మా. శనివారం శనివారం కచేరీకి ముందు మా ఇంటికొచ్చి సరళీవరసలు చెప్పింది మీరే. మీరు మానేశాక నాలుగేళ్ళు వీణ లేకుండానే నడిపారు. నిరుడు పాండురంగారావుగారు ఝాన్సీ చేత వాయించుకుని విని, ఆ చోటు ఇచ్చారు.”

“అప్పుడు తీయించారు.”

“ముందు వారం. ఎడ్లబండ్లు రెండు, మూడేసి సార్లు తిరిగాయి.”

“నాకోసం ఒక్కసారీ తిరగలేదు.”

“లేదమ్మా.”

“వినపడిందా?”

“ఏంటి?”

“ఝాన్సీ వీణ. వినపడిందా?”

“చివరి బెంచీలో కూర్చున్నాను. గోరు తీగకి తగలడం కూడా వినపడింది.”

“జనం ఏమన్నారు?”

“వదిలేయండమ్మా.”

“నేను అయిదేళ్ళు కూర్చున్న చోటండీ అది. ఏమన్నారు?”

“‘చేతిలో పస అంటే ఇదీ. రేపల్లె ఆవిడకి అన్నేళ్ళలో రానిది ఈ పిల్లకి ఒక్కరోజులో వచ్చింది’ అన్నారు.”

“మీరు పక్కనే ఉన్నారా?”

“పక్కనే.”

“ఏం చేశారు?”

“నవ్వాను.”

“ఆ కాఫీ గ్లాసు ఇలా ఇవ్వండి.”

“తాగలేదమ్మా ఇంకా.”

“ఇవ్వండి. అత్తయ్య అన్నమాట నిజమే.”

“...తీసుకోండి.”

“దసరా వెళ్ళి నాలుగు నెలలు దాటింది. ఇవాళ ఎందుకొచ్చారు?”

“మనసు ఊరుకోలేదమ్మా.”

“నాలుగు నెలలు ఊరుకుందే!”

“మా హమాలీ రంగనాయకులున్నాడు. వాడు ఝాన్సీతో అనేశాడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు పిచ్చివాడు. ‘నాన్నగారికి నీమీద ఎంత ప్రేమమ్మా, ఏళ్ళ తరబడి కదపని గోతాలు నీ కచేరీ కోసం కదిపించారు, లేకపోతే వీణ వినపడదటగా’ అని.”

“అయ్యో పిల్ల.”

“వీణకి దుప్పటి కప్పేసింది. ‘టీచరుగారు ఆ చోట్లో కూర్చుని వాయించేదాకా నేను తీగ ముట్టను’ అంది. నలభై రోజులైంది నాతో మాట్లాడి. కంచంలో అన్నం పెడుతుంది. పులుసు కావాలా అని కూడా అడగదు.”

“అంటే ఇవాళ కూడా ఝాన్సీ కోసమే వచ్చారు.”

“...అవునమ్మా.”

“అడగ్గానే చెప్పిన నిజం ఇదొక్కటే.”

“మీకోసం కూడా అమ్మా, మనసులో...”

“వద్దు. పాడుచేయకండి.”

“నా లెక్క ముగించనివ్వండి మరి. ఎనిమిదేళ్ళలో ఒక్క గోతం తడవలేదు. ఒక్కటి ముక్కిపోలేదు. అది రాబడి. ఖర్చు కింద మీ వీణ పోయింది, దానికి నేను ఏడవలేదు. ఇప్పుడు మా ఇంట్లో వీణ కూడా పోతోంది. అందుకు ఏడుపొస్తోంది. నేనెలాంటివాణ్ణో నాకు తెలిసింది. అదీ మిగులు. తిట్టండమ్మా. తిడితే ఇన్ని తిట్లు తిన్నానని లెక్క తేలుతుంది.”

“తేలనివ్వను. వస్తాను.”

“ఏంటమ్మా?”

“వార్షికోత్సవానికి వస్తాను. ఆ చోట్లోనే కూర్చుంటాను.”

“అమ్మా! మీ రుణం...”

“ఉండండి. గోతాలు మళ్ళీ పెట్టించండి.”

“...ఏ గోతాలు?”

“నూట పది కట్టలూ. బానల్లో, బానల మధ్యన, బానల మీద. ఎలా కుక్కించారో అలాగే. ముందు నాలుగు వరసలూ ఖాళీగా వదిలి, పాండురంగారావుగారిని వాటి వెనక కూర్చోపెట్టండి. పక్కన కమిటీవాళ్ళని. వెనక బెంచీలవాళ్ళని అసలు మరిచిపోకండి. అరగంట వాయిస్తాను.”

“వినపడదు కదమ్మా!”

“వినపడదు.”

“జనం అరుస్తారు.”

“నాకు అలవాటే. అరగంటయ్యాక నేను లేచి పక్కన నిలబడతాను. తెర దించకూడదు. వెనకాల చిన్న తలుపు తీసి, కట్ట తరవాత కట్ట, అందరి మధ్యలోంచీ నడిచి వీధి గుమ్మం దాకా మోయాలి.”

“హమాలీలని పెడతాను. పది నిమిషాల్లో...”

“హమాలీలు వద్దు. మీరు.”

“నాకు అరవై రెండేళ్ళమ్మా!”

“చిన్న కట్టలు కట్టించుకోండి.”

“అంతసేపు జనం కూర్చుంటారా?”

“తెనాలివాళ్ళు నాటకం మధ్యలో లేవరు.”

“ముప్పై కట్టలైతే చాలదా? ముప్పైతో కూడా వీణ నొక్కుకుపోతుంది.”

“బేరమా?”

“నోటికి అలవాటమ్మా. అరవై?”

“నూట పది.”

“సరే. నూట పది. మోసేముందు నేను మైకులో నాలుగు మాటలు...”

“మైకు ఎక్కడుందండీ మీ హాల్లో?”

“అవునుకదూ.”

“ఏమీ చెప్పక్కర్లేదు. మోయండి. ఏళ్ళ తరబడి ఏం జరిగిందో వాళ్ళే చూస్తారు.”

“పదవి పోతుందమ్మా.”

“పోతుంది.”

“మా కొట్టు ముందు నిలబడి నవ్వుతారు.”

“పక్కనే ఉండి నవ్వుతారు.”

“...మోస్తాను. ఝాన్సీ చూస్తుంది కదా, మోస్తాను. నడుం విరిగినా సరే. ఆఖరి కట్ట గుమ్మం దాటాక నేను అక్కడే, చివరి బెంచీ దగ్గరే నిలబడతానమ్మా. మీరు మళ్ళీ కూర్చుని వాయిస్తారు. ఇన్నేళ్ళ తరవాత మీ వీణ అక్కడిదాకా వస్తుంది. అది నా చెవులతో వింటే...”

“అప్పుడు వాయించేది ఝాన్సీ.”

“తరవాత ఝాన్సీ వాయిస్తుంది, సరే. ముందు మీరు.”

“నేను కాదండీ. గోతాలు తీశాక ఝాన్సీ ఒక్కతే.”

“అదేంటమ్మా? గోతాలు తీసేదే మీరు వినపడాలని కదా!”

“అరవై తొమ్మిది నుంచి నేను వీణ ముట్టలేదు పున్నయ్యగారూ. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఝాన్సీకి చెప్పిన సరళీవరసలు కూడా ఇప్పుడు నాకు పలకవు. గోతాలు ఉన్నంతసేపూ ఆ సంగతి ఎవరికీ వినపడదు.”