పొయ్యి మీద పెళ్లిజంట

అదా? ఉండు ఉండు, అది ముట్టుకోకు తల్లీ. ఆ చీపురు పక్కన పెట్టు ముందు. మసి పట్టిందంటావు, పట్టింది మరి, నలభై ఏళ్లుగా పొగలో ఉంటే నువ్వైనా నేనైనా అంతే. గబ్బిలం వేలాడుతున్నట్టుందా? హహ, మీ అత్త కొత్తకోడలుగా వచ్చినప్పుడు కూడా ఇదే మాట అంది. కూర్చో, ఆ కర్రపెండలం వలుస్తూ విను. చేతులు ఖాళీగా ఉంటే మళ్లీ దాని మీదకే పోతావు నువ్వు. మీ సెమరాంగ్ పట్నంలో వరిజంట కట్టరు కదా, నీకెట్లా తెలుస్తుందిలే. కోతల్లో మొట్టమొదట కోసిన కంకులు రెండు కట్టలు కడతాం. ఒకటి పెళ్లికొడుకు, ఒకటి పెళ్లికూతురు. ఇంత గుడ్డపీలిక చుట్టి, ఓ పువ్వు పెట్టి, పొయ్యి పైన వేలాడదీస్తాం. పొగకి పురుగు పట్టదు. మళ్లీ నారు పోసే రోజున వాళ్లిద్దరే ముందు మడిలోకి దిగాలి. ఇంట్లో పస్తులున్నా సరే, ఆ జంటని దంచి వండుకున్నవాళ్లు లేరు. లేరంటే, ఒక్కావిడ ఉంది. సాకినెమ్ అక్క. ఆవిడ వల్లే నేనిట్లా కూర్చుని నీకు సోది చెబుతున్నా.

స్వతంత్రం వచ్చిందనుకుంటే డచ్చోళ్లు మళ్లీ వచ్చి, మన రాజధాని జోగ్జాని డిసెంబర్లో పట్టుకున్నారు. పొద్దున్నే విమానాలొచ్చాయి, గొడుగులేసుకుని మనుషులు దిగారు, సాయంత్రానికి ఊరు వాళ్లది. అయిపోయింది యుద్ధం అనుకున్నారు వాళ్లు. మా దళం నాయకుడు పార్మాన్ ఏమన్నాడంటే, "ఒరేయ్, ఊరు వాళ్లని ఉంచుకోనీ, రోడ్లు కూడా ఉంచుకోనీ. పల్లెలు మనవి కదా. వాళ్లకి ఏడ తినాలో తెలీదు, మనకి తెలుసు" అన్నాడు. అదీ లెక్క. ప్రోగో ఏరు దాటి మెనోరే కొండల్లోకి పోయాం. పన్నెండు మందికి నాలుగు తుపాకులు. అందులో ఒకటి పేలదు, అది గిమిన్ మోసేవాడు, "పేలకపోతే ఏంటి, చూడ్డానికి దర్జాగా ఉంది కదా" అనేవాడు, పాపం. తీగలు కోసేవాళ్లం, చెట్లు నరికి రోడ్డుకి అడ్డం పడేసేవాళ్లం. మార్చిలో ఓ పొద్దున కర్ఫ్యూ తీసే సైరన్ మోగగానే అందరం కలిసి ఊళ్లోకి దూరి ఆరు గంటలు పట్టుకున్నాం. ఆరు గంటలే. కానీ ఇంకా బతికే ఉన్నామని లోకానికి తెలిసింది. దాంతో వాళ్లకి మండింది, పల్లెల మీద పడ్డారు. ఏం చెబుతున్నా? ఆ, సాకినెమ్ అక్క. మొగుణ్ణి అంతకుముందు ఏలిన జపానోళ్లు కూలికి పట్టుకుపోతే మళ్లీ రాలేదు. ఆ కొండ కింద పల్లెలో చాప పరిచినంత మడి ఆవిడది. ఏప్రిల్లో కోసిన వడ్లన్నీ మాకే వండేసింది, ఆకుల్లో పొట్లాలు కట్టి. నేనొకడినే మూడు పొట్లాలు తినేవాణ్ణి, సిగ్గులేకుండా. "తిను తమ్ముడూ, వాళ్లొచ్చి కాల్చేకంటే నీ కడుపులో ఉంటే మేలు" అనేది.

మే నెలలో వంతెన దగ్గర నా తొడలో గుండు దిగింది. ఆవిడ వంటింటి అటక మీద, కట్టెల వెనక పడుకోబెట్టారు. మిగతా పదకొండు మంది వెదురుపొద వెనక ఉన్నారు. ఆ రోజుల్లో ఒక గుర్తు ఉండేది. డచ్చోళ్లు వస్తుంటే ఆడవాళ్లు ఉత్త రోలు అంచు మీద రోకలి వేస్తారు. పడవలాంటి చెక్కరోలు కదా, ఖంగుమని కొండ దాకా వినపడుతుంది. వడ్లుంటే ఆ మోత రాదు, ధబ్ ధబ్ అంటుంది. రెండ్రోజుల ముందే పక్కూళ్లో ఒకావిడ ఉత్త రోలు కొడుతూ దొరికిపోయింది. మూడు ఇళ్లు కాల్చేశారు, ఆవిణ్ణి పట్టుకుపోయారు. అది తెలిసి కూడా ఆ పొద్దున సాకినెమ్ అక్క కొట్టింది. మావాళ్లు కొండెక్కేశారు. నేను ఎక్కడికి పోతాను? తడిక సందులోంచి చూస్తున్నా. సందు మలుపులో బూట్ల చప్పుడు. ఆవిడ ఒక్క ఉదుటున లోపలికొచ్చింది, రోలు నింపడానికి ఇంట్లో గింజ లేదు. పైకి చూసింది. "వరితల్లీ, తప్పు కాయి" అని ఆ జంటని లాగేసుకుని పోయి రోట్లో పడేసి దంచడం మొదలెట్టింది.

వాళ్ల వెంట మనవాడొకడు ఉన్నాడు, డచ్చోళ్ల కొలువులో సిపాయి. మాటతీరు బట్టి కెడు వైపు పల్లెలవాడు. "ఏం వదినా, ఇందాక ఖంగుమందేం?" అన్నాడు. "తడి వడ్లు, రోకలి సరిగ్గా పడలేదు" అంది. వాడు తుపాకి భుజానికేసుకుని రోట్లో చెయ్యి పెట్టాడు. పైకి తీస్తే వేళ్లకి గుడ్డపీలిక చుట్టుకుని వచ్చింది, వాడిపోయిన పువ్వుతో సహా. రైతుబిడ్డ అయి ఉండాలి, వాడి మొహం మారిపోయింది. ఆవిడ వంక చూశాడు. ఆవిడ కళ్లు దించలేదు. తర్వాత వాడు, నేను నా రెండు కళ్లతో చూశా తల్లీ, మెల్లగా అటక వైపు చూశాడు. వెనక్కి తిరిగి వాళ్ల డచ్చి దొరకి ఏదో చెప్పాడు. మాకు అర్థమయింది ఒక్క ముక్కే, వడ్లు అని. ఆ పీలిక మడిచి ఆవిడ చేతిలో పెట్టి పోయాడు. అంతే. వెళ్లిపోయారు.

ఊరు ఊరుకుంటుందా! జంట కనపడకపోయేసరికి ఎదురింటి ముసలామె, క్రోమో వాళ్లమ్మ, ఏరు దగ్గర అందరి ముందూ, "కొత్తజంటని దంచుకు తినేసిందమ్మా, ఎంత నోరో" అంది. సాకినెమ్ అక్క బిందె నింపుకుని వచ్చేసింది. నేను ఏడ్చా, చెప్పెయ్యక్కా అని. "చెబితే ఆ అబ్బాయిని వాళ్లోళ్లే కాల్చేస్తారు. నన్నంటే నాలుగు మాటలే కదా" అంది. ఆగస్టులో కాల్పులు ఆగాయి. నవంబర్లో అందరూ నారు పోస్తుంటే ఆవిడ మడి ఒక్కటే బోసిగా ఉంది. నేను మా అమ్మ దగ్గరికి పోయి ఒక జంట అడిగి తెచ్చా. కుంటికాలితో కొండ దాటి రెండ్రోజులు నడిచా. ఆవిడ దాన్ని చూసి ఏమందో తెలుసా? "నీ కాలెట్లా ఉంది?" అంది. ఇంకేం అడగలేదు. డిసెంబర్లో డచ్చోళ్లు పోయాక అప్పుడు చెప్పింది ఊళ్లో. క్రోమో వాళ్లమ్మ వచ్చి ఆవిడ మడిలో నాట్లేసింది. కోతలయ్యాక మొదటి పొట్లం కట్టి రోలు అంచున పెట్టింది సాకినెమ్ అక్క. "ఆ అబ్బాయికి. పేరైనా అడగలేదు తమ్ముడూ" అంది. బతికినన్నాళ్లూ పెట్టింది.

ఆ మడి గింజల్లో గింజే ఆ వేలాడేది. ఇప్పుడీ పాతరకం మీసాల వడ్లు ఎవరు వేస్తారు, అన్నీ మూడునెలల రకాలే. ఇదే ఆఖరి జంట. మొలవదు, నాకు తెలుసు. నువ్వు తీసేస్తానంటే ఈసారి ఏమీ అనను, ఇల్లు నీది... ఏంటి? పురికొసా? ఎందుకూ? ఓహో. ఆ బిస్కెట్ డబ్బాలో ఉంది చూడు. పెళ్లికూతురు కట్ట వదులైంది, కొంచెం బిగించి కట్టు. ఊఁ, అట్లాగే.

చినుకులు పడుతున్నట్టున్నాయి, బట్టలు బయటే ఉన్నాయేమో చూడమ్మా.