పోచమ్మకు మొక్కిన కోడి

మగ్గం దిగి వచ్చిన భర్త, పొయ్యి దగ్గరున్న భార్య మీద ఎగిరాడు.

"నీ బిడ్డ కోడికి మా అమ్మ పేరు పెట్టిందే! లింగమ్మా అని పిలిస్తే కోడి ఉరికొస్తాంది."

"అత్తమ్మనే నవ్వుతాంది. నీకేంది కోపం?"

"పొల్లకు జొరమొచ్చినప్పుడు పోచమ్మకు మొక్కిన కోడి అది. రేపు కోసుడే."

"అందుకే పొద్దటి సంది ముద్ద ముట్టలేదు పొల్ల. నాకు జొరమొచ్చినందుకే కోడిని చంపుతాండ్లా అమ్మా, అని అడిగింది."

"రెండు తగిలిస్తే తింటది."

"దెబ్బలకు ఆకలైతదా? జర దగ్గర కూసోబెట్టుకొని మాట్లాడు."

"మరి పోచమ్మకు కోపమొస్తే?"

"పోచమ్మకా, నీ నాలుకకా? ఆమెకు చూపెట్టి కోడికూరంత తినేది నువ్వే గదా!"

అతడు అన్నాల వేళ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏడ్వాలనిపిస్తే ఏడ్వు బిడ్డా, నేనేమన. జొరమొచ్చుడు నీ తప్పా? రేపు పోచమ్మకు బోనం, కొబ్బరికాయ. కోడి ఇంట్లనే ఉంటది."

"మరి మొక్కు?" అంది భార్య.

"మొక్కింది నేను. కోడికి బదులు ఏడాది దాక కోడికూర ముట్టనని తల్లికి నేనే చెప్పుకుంట. ఇగ పప్పెయ్యవే, అలవాటు గావాలె."