కంప్యూటరు, భోజన్న అరికాలు

"అగో, ఆత్మారాం! రా, కూసో. దస్తగిర్ భాయ్, మా బామ్మర్దికొక చాయ్, మలాయ్ ఎక్కువెయ్యి. నవీపేట్ నుంచొచ్చిండు. మా అత్త హన్మవ్వ తోలుంటది, నాకెర్క లేదా? బాలింతను, పసిగుడ్డును గీ పుష్యమాసం చలిల ఎట్ల పంపుతనని మొండిగ కూసున్నది. నా బిడ్డ మొఖం పురుడు నాడు చూసిందే, మళ్ల లేదు! నువ్వు పోయి అవ్వకు చెప్పు, మా ఇంట్ల చలి లేదు, నేల ఎచ్చగుంటదని."

"బావా, ఒక్క మాట..."

"ఆగు, ముందుగాల ఇను."

బోధన్ బస్టాండు పక్క దస్తగిర్ హోటల్లో భోజన్న మొదలుపెడితే మధ్యలో ఆపినవాళ్లు లేరు. బెంచీ మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"బెల్లం వండే పొయ్యి మా ఇంటి గోడ పక్కన్నే ఉన్నదా, దాని ఎచ్చటి పొగ ఊకె మొగులుకు పోతున్నది. గదెందుకు పాడుచేసుడని ఇంట్ల షాబాద్ బండలు లేపి, కింద మట్టి గొట్టాలు పరిచి, పొగను ఇల్లంత తిప్పి అవుతలి గోడలకెళ్లి బయటికి తోలిన. గంతే. పెద్ద పనేం కాదు, ఎవలైన చేస్తరు."

"గిదైతే నిజమే. గొట్టాలు నేనే మోసిన," అన్నాడు పొరుగింటి ఆశన్న.

"ఇన్నవా! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? గా ముచ్చట పట్నం దాక పోయింది. ఒక ఇంజనీరు సారు జీపేసుకోని దిగిండు. ఆయన తాన కంప్యూటరున్నదట, మన తాలూకా కచేరంత ఉంటదట, నేల కింద ఎచ్చన పోతే ఏ బండ ఎంత కాగుతదో పట్నంల కూసోనే లెక్క గట్టి చెప్తదట. ఆ లెక్క నిజమో కాదో పరీక్ష చెయ్యాలె గదా, గసొంటి నేల ఇంకెవలింట్ల ఉన్నది? సారు కాయిదం తీసిండు, ధోతంత పొడుగు. 'పొయ్యి పక్క బండ తప్ప తక్కినయి కాగయని కంప్యూటర్ చెప్పింది భోజన్నా' అన్నడు. నాకు మండింది. 'సారూ, మీ కంప్యూటరుకు కాళ్లున్నయా?' అన్న. లేవన్నడు. 'మరి నేల సంగతి దానికేం తెలుస్తది?' అన్న. చెప్పులిడిచి, ధోతి ఎగ్గట్టి, నడింట్ల బండకు అరికాలు ఆనిచ్చిన. 'ముప్పై రెండు డిగ్రీలు' అన్న. సారు థర్మామీటరు పెట్టిండు. ముప్పై రెండున్నర! 'అర డిగ్రీ తేడా వచ్చింది గదా' అన్నడు. 'ఆ థర్మామీటరు బాగుచేయించుకో సారూ' అన్న."

"యా అల్లా! చేయించిండా?" అన్నాడు దస్తగిర్, చాయ్ వడకడుతూ.

"ఆడ్నే పారేసిండు! ఇగ నా అరికాలే. నేను ఒక్కో బండ తొక్కుడు, సారు పోస్టాఫీసు టెలిఫోన్ల పట్నానికి చెప్పుడు, ఆడ కంప్యూటరు లెక్క దిద్దుకునుడు. దిద్ది దిద్ది దానికి జరమొచ్చింది. నెత్తి మీద తడిబట్టేసిండ్రట."

"కంప్యూటరుకు నెత్తి యాడిది?"

"గంత పెద్దదానికి నెత్తుండదా? అడ్డం రాకు ఆశన్నా."

"బావా, జర నా మాటిను, అక్క..."

"మీ అక్క కోసమే గదా చెప్తున్న! ఇగ నాకు పట్టుదలొచ్చింది. పొయ్యిల చెరుకుపిప్పి ఇంకింత ఎగేసిన. నడింట్ల వడ్లు ఎండేస్తే పేలాలై ఎగిరినయ్. కోడి గుడ్డు పెట్టి లేచేసరికి పిల్ల బయటికొచ్చి తల్లి ఎనుక పడ్డది. అవుతల వర్ని ఊర్ల వరి నాటేసిన వారానికే పండింది, రైతులు కొడవళ్లు దొరకక ఉరికిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఎచ్చన కాలువల పడి, ఎదురెక్కి నిజాంసాగర్ దాక పోయింది. డ్యాం నీళ్లు సలసల కాగినయ్. చేపలు ఉడికి పైకి తేలినయ్. జనం ఉప్పు, కారం పట్టుకోని గట్టు మీద బంతిల కూసున్నరు!"

"నిమ్మకాయలో?"

"అవి నీ తాన్నే కొన్నరు దస్తగిర్ భాయ్, మరిచినవా? ఆఖరికి ఢిల్లీ నుంచి టెలిగ్రామొచ్చింది. 'హిమాలయాల మంచు కరుగుతున్నది, పొయ్యి ఆర్పు' అని. నేనార్పలే. నా పెండ్లాం బిడ్డ ఇంటికొచ్చేదాక ఆర్పనని చెప్పిన." ఆయన ఆత్మారాం చెయ్యి పట్టుకున్నాడు. "రేణుక లేని ఇల్లు ఇల్లు లెక్క లేదు ఆత్మారాం. బువ్వ వండుకుంటున్న గని తినబుద్ధయితలేదు. నీకు దండం పెడుత, నేల ఎచ్చగున్నదని అవ్వకు చెప్పు. పంపుమను."

ఆత్మారాం గ్లాసు కింద పెట్టాడు.

"అయిందా బావా? ఇగ నన్ను చెప్పనీ. అక్కను, బిడ్డను తోలుకొచ్చిన. ఇందాకటి బస్సుకే దిగినం. ఇంట్ల ఉన్నరు."

భోజన్న బెంచీ మీంచి కాళ్లు కిందికి దించాడు.

"అవ్వ వద్దన్నా అక్క ఇనలే. 'ఆయన నేల ఎంత ఎచ్చగుంటదో నాకెర్కే, అయినా పోత' అన్నది. చెప్పులిడిచి లోపల అడుగు పెట్టి 'అయ్యో' అని ఎగిరింది. ఐసుగడ్డ బావా! నేను ఒక్కో బండ తొక్కి చూసిన. పొయ్యి పక్కదొక్కటే ఎచ్చగున్నది, దాని మీద పిల్లి పండుకున్నది. పాపం, ఆ కంప్యూటరు ఏం తప్పు చెప్పింది? గిప్పుడు పిల్లిని ఎల్లగొట్టి, బిడ్డను ఒళ్లె పెట్టుకోని అక్క ఆ ఒక్క బండ మీదనే కూసున్నది. నిన్ను పిలుచుక రమ్మన్నది."

హోటలంతా గొల్లుమంది. భోజన్న దిగ్గున లేచాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"గీ మాట ముందుగాల చెప్పొద్దారా?"

"నువ్వు చెప్పనిస్తేనా?"

భోజన్న నాలుగడుగులు ఉరికి, ఆగి, మళ్లీ వెనక్కొచ్చాడు. దస్తగిర్ చెవి దగ్గరికి వంగాడు. కానీ మెల్లగా మాట్లాడటం ఆయనకు ఎప్పుడొచ్చింది గనక, అందరికీ వినబడింది.

"భాయ్, జర ఒక కుంపటి, ఇన్ని బొగ్గులు ఇయ్యి."